కొల్లేటి సీమ ఆరోగ్య చరిత్ర – 7: కడుపులో బల్ల

తెలుగునాట పాతతరంవారు "బల్ల" అన్న మాటకు కూర్చునే పలక అనే అర్థంతో పాటు మరో అర్థం కూడా చెప్పుకునేవారు. విడవకుండా చలిజ్వరం, అంటే మలేరియా, పట్టిన మనిషికి ఎడమ డొక్క కింద గట్టిగా, అంచు తేలి, చేతికి పలకలా తగిలే దానిని "కడుపులో బల్ల" అనేవారు. ఆ బల్ల కొత్తగా పుట్టిన గడ్డ కాదు, ప్రతి మనిషికీ పుట్టుకతో ఉండే ప్లీహమే ఉబ్బి, పక్కటెముకల చాటు దాటి కిందికి దిగిన రూపం. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ప్లీహం సుమారు 150 గ్రాముల బరువుతో, పిడికిలంత ఉండి, ఎడమవైపు 9, 10, 11 పక్కటెముకల వెనుక, జీర్ణకోశానికి పక్కగా ఒదిగి ఉంటుంది కనుక ఎంత అనుభవమున్న వైద్యుడి చేతికైనా సాధారణంగా అందదు. అది చేతికి అందిందంటే దాదాపు ఎప్పుడూ దాని పరిమాణం పెరిగిందనే అర్థం.

ప్లీహం చేసే పని తెలియనిదే దానిని శస్త్రచికిత్సతో తీసివేయడంలోని లాభనష్టాలు అర్థం కావు. ఎర్రరక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఆ గడువు దగ్గర పడి గట్టిపడిన కణాలు ప్లీహంలోని సన్నని సందుల గుండా వంగి దూరలేక అక్కడే చిక్కుకుపోతాయి, వాటిని అక్కడి భక్షక కణాలు మింగి, లోపలి ఇనుమును తిరిగి శరీరానికి అప్పగిస్తాయి. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ప్లేట్‌లెట్లలో సుమారు మూడో వంతు ఎప్పుడూ ప్లీహంలోనే నిలవ ఉంటుంది. వీటికి మించిన మూడో పని సూక్ష్మజీవుల నుంచి కాపు కాయడం. ముఖ్యంగా పైన జిగురు తొడుగు ఉండే న్యూమోకాకస్ వంటి బ్యాక్టీరియాను రక్తంలోంచి ఏరివేయడంలో ప్లీహానికి సాటి వచ్చే అవయవం మరొకటి లేదు. ఈ మూడో పని సంగతి వైద్యలోకానికి 20వ శతాబ్దం సగం గడిచేదాకా సరిగా బోధపడలేదు, దానికి చెల్లించిన మూల్యం గురించి ఈ వ్యాసం చివర్లో చెప్పుకోవలసి ఉంటుంది.

బల్లకు చేసిన చికిత్సల చరిత్ర చాలా పాతది. ఆయుర్వేదం దీనిని ప్లీహోదరం అని పిలిచింది. ప్లీహోదరం ఉన్నవాడికి ఎడమచేతి మోచేతి లోపలి వైపు సిరను గుచ్చి రక్తం తీయాలనీ, ఆ సమయంలో రక్తం బాగా కారేటందుకు ప్లీహాన్ని చేత్తో మర్దించాలనీ సుశ్రుతసంహిత చెబుతుంది. ప్లీహం రక్తంతో నిండిన అవయవమని ఆ కాలంలోనే గుర్తించారనడానికి ఇది నిదర్శనం. గ్రామాల్లో మాత్రం ఎక్కువగా జరిగింది వాతలు పెట్టడం. ఇనుప కడ్డీని కాల్చి బల్ల ఉన్నచోట పొట్ట మీద అంటించేవారు. ఆ మచ్చలు మోసిన ముసలివారు మొన్న మొన్నటిదాకా పల్లెల్లో కనిపించేవారు. వాత ప్లీహాన్ని తగ్గించిన దాఖలా లేదు, పసిపిల్లల పొట్ట మీద పుండ్లు పడి చీము పట్టిన సందర్భాలు మాత్రం కొల్లలు.

బల్ల ఎక్కువగా ఎక్కడ కనిపిస్తుందన్న ప్రశ్న వైద్యాన్ని శరీరం నుంచి నేల మీదికి, నీటి మీదికి మళ్లించింది. నిలిచిన బురదనీరు తాగేవారి ప్లీహం పెద్దదై గట్టిపడుతుందని గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథంలో రెండువేల ఏళ్లకు పూర్వమే రాసి ఉంది. కారణం తప్పు, గమనింపు ఒప్పు. భారతదేశంలో ఈ గమనింపు లెక్కగా మారింది 1840లలో. ఉత్తరాదిన యమునా కాలువల వల్ల జ్వరాలు పెరుగుతున్నాయన్న ఫిర్యాదుల మీద విచారణకు 1845లో ప్రభుత్వం బేకర్, డెంప్‌స్టర్, యూల్ అనే ముగ్గురితో ఒక సంఘాన్ని వేసింది. వారిలో వైద్యుడైన డెంప్‌స్టర్ ఒక తేలికైన ఉపాయం కనిపెట్టాడు. ఊళ్లో ఎందరికి జ్వరం వచ్చిందని అడిగితే ఎవరి జ్ఞాపకం వారిది, కానీ ఊళ్లోని పిల్లల పొట్టలు తడిమి చూస్తే ఎందరికి ప్లీహం పెరిగిందో చెయ్యే చెబుతుంది. ఆ నిష్పత్తినే తరువాతివారు ప్లీహ శాతం అన్నారు. సంఘం నివేదిక ఇచ్చిన 1847లోనే ఇక్కడ ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో గోదావరి ఆనకట్ట పని మొదలైంది, 1852లో పూర్తయింది. కాలువ వస్తే పంటతో పాటు జ్వరం కూడా వస్తుందా అన్న సందేహం ఆ రోజుల్లో కాలువలు తవ్విన ప్రతిచోటా వినిపించినదే.

ప్లీహ శాతం తీసే తీరు చూడదగినది. రెండేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలను వరుసగా నిలబెట్టో, పడుకోబెట్టో, వైద్యుడు బిడ్డకు కుడివైపు చేరి, కుడిచేతి వేళ్లను బొడ్డుకు దిగువన ఆనించి, ఊపిరి గట్టిగా పీల్చమంటాడు. ఊపిరి తీసినప్పుడు ఉదరవితానం, అంటే ఊపిరితిత్తులకూ కడుపుకూ మధ్య తెరలా ఉండే కండరం, కిందికి దిగుతూ ప్లీహాన్ని కూడా నెడుతుంది. వేళ్లను మెల్లగా ఎడమ డొక్క వైపు జరుపుతూ పోతే, పెరిగిన ప్లీహం గుండ్రని అంచు ఒక్కసారిగా వేలి కొసలకు వచ్చి తగులుతుంది. డొక్క కింద ఎన్ని వేళ్ల మేర దిగిందో చూసి రాసుకోవడమే కొలత. 1944లో హాకెట్ అనే మలేరియా పరిశోధకుడు ఈ కొలతకు సున్నా నుంచి ఐదు వరకు మెట్లు ఏర్పరిచాడు, బొడ్డు దాటి చాలా కిందికి దిగిన ప్లీహం ఐదో మెట్టు. 1950 నాటికి ప్లీహ శాతం 10 లోపు ఉన్న ఊరు మలేరియా తక్కువగా ఉన్న ఊరనీ, పిల్లల్లో 75 దాటిన ఊరు ఏడాది పొడవునా మలేరియాలో మునిగిన ఊరనీ ప్రపంచమంతటికీ ఒక వర్గీకరణ ఏర్పడింది. రక్తపరీక్ష, సూక్ష్మదర్శిని లేని చోట ఒక ఊరి ఆరోగ్యాన్ని పదిమంది పిల్లల పొట్టల మీద చదవగలగడం ప్రజారోగ్య చరిత్రలో గొప్ప మెట్టు.

కొల్లేటి సీమ విషయంలో ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులెన్నో దిగుతాయి, ఆ నీటిని బంగాళాఖాతానికి చేర్చేది ఉప్పుటేరు ఒక్కటే, ఆ ఉప్పుటేరు దాపునే ఆకివీడు ఉంది. ఇంత నీరున్న చోట దోమలకు కొరత లేదు గనుక మలేరియా కూడా అంతే ఉండి ఉండాలనుకోవడం పొరపాటు. దోమలన్నీ ఒకటి కావు. గుర్రపుడెక్క, అంతరతామర పరుచుకున్న నీటిలో పెరిగే మాన్సోనియా దోమ, మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ మోసేది బోదకాలు వ్యాధిని. మలేరియాను మోసే అనాఫిలిస్ జాతుల్లో ముఖ్యమైనవి తేటనీటిని, మెల్లగా పారే కాలువను, కొండవాగును కోరుకుంటాయి. అందుకే గోదావరి తీరంలో మలేరియాకు పుట్టిల్లు పల్లం కాదు, ఎగువన పోలవరం, బుట్టాయగూడెం వైపు మన్యం. కలప కోసం, వెదురు కోసం, ఉద్యోగం మీద మన్యం వెళ్లి తిరిగి వచ్చిన పల్లపువారు చలిజ్వరం వెంటతెచ్చుకునేవారు, ఆ జ్వరానికి మన్యపు జ్వరమనే పేరు అలా వచ్చిందే.

ఉబ్బిన ప్లీహం పెళుసు. మామూలు ప్లీహం పక్కటెముకల రక్షణలో ఉంటుంది, ఉబ్బినది ఆ కోట దాటి బయటికి వచ్చి ఒక్క గుద్దుకే పగలవచ్చు, అలా పగిలితే కడుపంతా రక్తం నిండి మనిషి గంటల్లో పోవచ్చు. ఈ శరీరధర్మం వలసపాలనలో న్యాయస్థానాల దాకా వెళ్లింది. 1875 అక్టోబరులో ఆగ్రాలో ఫుల్లర్ అనే ఆంగ్ల న్యాయవాది, బండి సమయానికి సిద్ధం చేయలేదని తన గుర్రాలవాడు కట్వారూను కొట్టాడు, కట్వారూ పడిపోయి మరణించాడు. ప్లీహం పగలడమే మరణకారణమని వైద్యుడు చెప్పాడు. ప్లీహం ముందే జబ్బుపడి ఉన్నదన్న వాదం దన్నుగా నిలవగా, న్యాయస్థానం ఫుల్లర్‌కు వేసిన శిక్ష 30 రూపాయల జరిమానా. గవర్నర్ జనరల్ లిట్టన్ ఈ తీర్పును 1876లో బహిరంగంగా తప్పుపట్టాడు, దానిమీద ఆంగ్లేయుల పత్రికలు మండిపడ్డాయి. తోటల్లో, బంగళాల్లో దెబ్బలకు చనిపోయిన కూలీలెందరి మరణాలనో ఆ కాలంలో "పగిలిన ప్లీహం" ఖాతాలో వేశారు. మలేరియా పేదవాడి ప్లీహాన్ని పెంచింది, పెరిగిన ఆ ప్లీహమే కొట్టినవాడికి రక్షణ కవచమైంది. వైద్యపరంగా నిజమైన ఒక మాటను న్యాయాన్ని తప్పించుకోవడానికి వాడుకున్న ఈ అధ్యాయాన్ని వైద్య చరిత్రలు మరిచిపోకూడదు.

బల్ల వెనుక ఉన్న జ్వరాన్ని మోసే దోమను పట్టుకున్నది తెలుగు గడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగిన, రెక్కల మీద మచ్చలున్న దోమను కోసి, దాని పొట్టగోడలో మలేరియా పరాన్నజీవి పెరుగుతుండడం చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, ఆ దోమలకు తన రక్తమిచ్చిన హుసేన్ ఖాన్ పేరు మాత్రం కొందరికే తెలుసు. క్వినైన్ పొట్లాలు పోస్టాఫీసుల్లో అమ్మిన రోజులు దాటి, స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదనీ, 8 లక్షల మంది చనిపోయేవారనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై ఇంటింటా గోడలకు డీడీటీ కొట్టడంతో 1960ల తొలినాళ్లకు ఆ లెక్క లక్షకు లోపు పడిపోయింది. తరువాత ఏమరుపాటు వల్ల 1976లో 64 లక్షలు దాటి మళ్లీ లేచినా, పల్లెటూరి బడిలో వరుసగా నిలబెట్టిన పిల్లల పొట్టల్లో బల్లలు తగిలే కాలం మైదాన ప్రాంతాల్లో ముగిసింది.

మలేరియా వెళుతూ వెళుతూ మరో గుర్తు వదిలింది, అది రక్తంలోనే. మధ్యధరా తీరంలో థలసీమియా జన్యువు అంతగా నిలిచి ఉండడానికి, అది సగం పాలుగా ఉన్నవారికి మలేరియా నుంచి రక్షణ దొరకడమే కారణం కావచ్చని జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1949లో సూచించాడు, సికిల్ సెల్ విషయంలో ఆ సూత్రం నిజమని 1954లో ఆలిసన్ చూపాడు. తరువాతి కాలంలో భారత పౌరుడైన హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసినప్పుడు, ఆయన కోరిక ప్రకారం ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. గోదావరి డెల్టా వైద్య విద్యార్థులకు ఆయన అలా పాఠమయ్యాడు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువు అందుకున్న బిడ్డకు మాత్రం రక్షణ దొరకదు, రోగం దొరుకుతుంది. ఆంధ్ర, తెలంగాణ మన్యంలోని గిరిజన సమాజాల్లో సికిల్ సెల్, పల్లంలోనూ పట్నంలోనూ థలసీమియా ఆ విధంగా మిగిలాయి. ఈ రోగాల్లో వంకరపోయిన, పెళుసైన ఎర్రకణాలను చెడ్డవిగా ఎంచి ప్లీహం అదేపనిగా నాశనం చేస్తుంది, పని ఎక్కువై తానూ ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ మంచి కణాలను, ప్లేట్‌లెట్లను కూడా మింగేస్తుంది. ఈ అతిక్రియ నుంచి రోగిని కాపాడడానికే శస్త్రచికిత్సకులు ప్లీహం మీద చెయ్యి వేశారు.

ఆ చెయ్యి మొదట చాలాసార్లు ఓడింది. 1826లో జర్మనీలోని రోస్టాక్‌లో క్విటెన్‌బౌమ్ ప్లీహం తీసిన రోగి కొన్ని గంటల్లోనే మరణించింది. మత్తుమందు, క్రిమిరహిత పద్ధతులు వచ్చాకే భద్రంగా కడుపు తెరవడం సాధ్యమయింది. ఆ మత్తుమందు ఎంతవరకు భద్రమో తేల్చడానికి నిజాం ప్రభువు ఖర్చుతో 1888, 1889లలో హైదరాబాదులో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. 1867లో పారిస్‌లో పేయాన్ ఒక యువతి ప్లీహంలో తిత్తి ఉండగా దానిని తీసివేసి బతికించాడు. 1887లో లండన్‌లో స్పెన్సర్ వెల్స్ ఒక స్త్రీ ప్లీహం తీయగా ఎన్నాళ్లుగానో ఉన్న కామెర్లు మాయమయ్యాయి, ఆమెది పుట్టుకతో ఎర్రకణాలు గుండ్రంగా ఉండే జబ్బని దశాబ్దాల తర్వాత తేలింది. 1916లో ప్రాగ్‌లో కాజ్నెల్సన్ అనే వైద్య విద్యార్థి, ప్లేట్‌లెట్లు పడిపోయి ఒళ్లంతా నెత్తురు మచ్చలు వచ్చే జబ్బులో వాటిని చంపుతున్నది ప్లీహమేనని ఊహించి, తన గురువు ష్లోఫర్‌ను శస్త్రచికిత్సకు ఒప్పించాడు. ఊహ నిజమైంది, ఐటీపీ అని పిలిచే ఆ జబ్బుకు ప్లీహం తీయడం అప్పటినుంచి చికిత్సగా నిలిచింది. అయితే ఈ చికిత్సకు ఎడమ డొక్క కింద జానెడు కోత, కండరాలు తెగిన నొప్పి, ఊపిరి తీయలేక వచ్చే నిమ్ము, వారానికి పైగా ఆసుపత్రి మంచం తప్పేవి కావు.

కోత లేకుండా కడుపులోకి చూడాలన్న ప్రయత్నం ప్లీహం కోసం మొదలైనది కాదు. 1901లో జర్మనీలో కెల్లింగ్ కుక్క కడుపులోకి గాలి నింపి గొట్టం పెట్టి చూశాడు. 1910లో స్టాక్‌హోమ్‌లో యాకోబేయస్ మనుషుల్లో అదే చేశాడు. 1980లో జర్మనీలోని కీల్‌లో కుర్ట్ సెమ్ ఆ మార్గంలో అపెండిక్స్ తీశాడు, 1985లో ఎరిక్ మూహె పిత్తాశయం తీశాడు. మన దేశంలో 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో టెహెంటన్ ఉద్వాడియా ఈ పద్ధతిలో పిత్తాశయం తీశారు. కానీ తెలుగు పల్లెలకు లాప్రోస్కోపీ అనే ఈ పద్ధతి అంతకు ముందే, వేరే దారిలో వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరాలను ఇప్పటికీ "డీపీఎల్ క్యాంపు" అంటారు. రెండు రంధ్రాల లాప్రోస్కోపీ అనే అర్థమిచ్చే ఆంగ్ల పేరుకు పొడి అక్షరాలవి. పట్నంలో ధనికుల చికిత్సగా పేరుపడిన ఈ విద్యను మొదట ఒంటిమీద భరించినది, వరండాలో చాప మీద వరుసగా పడుకున్న పేద తల్లులే. ఆ మాట చరిత్రలో ఉండాలి.

ప్లీహం వంతు వచ్చింది 1991లో, పారిస్‌లో దెలేత్ర్, మెన్యియెన్ అనే శస్త్రచికిత్సకుల చేతుల్లో. మరుసటి ఏడాదికే అమెరికా, కెనడాల్లోనూ చేశారు. పిత్తాశయం తరువాత ఇన్నేళ్లు ఆగడానికి కారణం ప్లీహం స్వభావమే. అది పిండినా చాలు రక్తం ఓడే అవయవం, దానిలోకి వచ్చే ధమని నేరుగా గుండె నుంచి దిగే మహాధమని కొమ్మకు కొమ్మ, అది జారితే తెరమీద చిత్రమంతా ఎర్రబారి దారే కనబడదు.

ఈ శస్త్రచికిత్సలో రోగిని వెల్లకిల పడుకోబెట్టరు, కుడిపక్కకు ఒరిగించి ఎడమ డొక్క పైకి వచ్చేలా ఉంచుతారు. దీనివల్ల జీర్ణకోశం, పేగులు తమ బరువుకు తామే కుడివైపు ఒరిగిపోయి, ప్లీహం ఉదరవితానం నుంచి వేలాడే కాయలా కనిపిస్తుంది. బొడ్డు పక్కన ఒక సెంటీమీటరు గాటు పెట్టి బొగ్గుపులుసు వాయువును పాదరసమట్టంలో సుమారు 12 మిల్లీమీటర్ల ఒత్తిడితో నింపితే కడుపు గోడ గుడారంలా పైకి లేస్తుంది. ఒక రంధ్రంలోంచి కెమెరా, మిగతా రెండు మూడు రంధ్రాల్లోంచి పొడవాటి సన్నని పనిముట్లు వెళతాయి. ముందుగా ప్లీహం కింది కొసను పెద్దపేగుకు కట్టి ఉంచే పొరను కోస్తారు. ఆ తరువాత జీర్ణకోశానికీ ప్లీహానికీ మధ్య ఉన్న పొట్టి రక్తనాళాలను, కంపనంతో పుట్టే వేడితో ఒకేసారి మూసి కోసే పనిముట్టుతో, ఒక్కొక్కటిగా తెంచుతారు. ఆ పొర విడిపోయాక వెనుక క్లోమం అంచున మెలికలు తిరుగుతూ వచ్చే ప్లీహ ధమని కనిపిస్తుంది. చాలామంది దానిని అక్కడే ముందుగా బిగించేస్తారు, రక్తం రాక ఆగిన ప్లీహం కళ్లముందే రంగు మారి, మెత్తబడి, కొంత కుంగుతుంది. క్లోమం తోక ప్లీహ ద్వారానికి, అంటే నాళాలు లోనికి ప్రవేశించే చోటుకు, చాలామందిలో ఒక సెంటీమీటరు దగ్గరగా ఉంటుంది కనుక అక్కడ తొందరపడితే క్లోమం చిట్లి దాని రసం కారుతుంది. ఈ ఆపరేషన్‌లో శస్త్రచికిత్సకుడి నేర్పు తెలిసేది ఆ ఒక్క సెంటీమీటరు దగ్గరే. ద్వారంలోని నాళాలను వరుసగా మేకులు కొట్టి మధ్యలో కోసే స్టేప్లర్‌తో విడదీశాక, ప్లీహాన్ని లోపలే ఒక నైలాన్ సంచిలోకి జారుస్తారు. సంచి మూతిని రంధ్రంలోంచి బయటికి లాగి, సంచిలోనే ప్లీహాన్ని వేలితో, పట్టకారుతో చిదిపి ముక్కలుగా తీస్తారు. సంచి చిరిగితే ప్లీహపు తునకలు కడుపులో పడి, నాటిన మొలకల్లా అక్కడే రక్తం పోసుకుని పెరుగుతాయి. ఐటీపీ ఉన్నవారిలో అలా పెరిగిన తునక పాత జబ్బును తిరిగి తేవచ్చు. పుట్టుకతోనే కొందరికి బఠానీ గింజంత పిల్ల ప్లీహాలు ఉంటాయి కనుక వాటినీ వెతికి తీయడం ఈ శస్త్రచికిత్సలో భాగమే.

పల్లెల్లో దీనిని "లేజర్ ఆపరేషన్" అంటుంటారు కానీ ఇందులో లేజర్ ఏమీ లేదు. కోత చిన్నదే అయినా లోపల జరిగే పని మాత్రం చిన్నది కాదు. రోగి రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్లగలగడం నిజమే. ప్లీహం 20 సెంటీమీటర్లు మించి పెరిగినప్పుడు పద్ధతి కష్టమవుతుంది, కొన్నిసార్లు అరచెయ్యి పట్టేంత గాటు పెట్టి చేతి సాయంతో చేస్తారు, రక్తస్రావం ఆగకపోతే పెద్ద కోతకు మారతారు. అలా మారడం వైఫల్యం కాదు, రోగి ప్రాణం దక్కించే వివేకం. కాలేయం గట్టిపడి ద్వారసిరలో ఒత్తిడి పెరిగినవారిలో ఉబ్బిన నాళాలు అడుగడుగునా అడ్డు వస్తాయి గనుక ఎందరో శస్త్రచికిత్సకులు వారికి ఈ మార్గం ఎంచుకోరు.

2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలై 2008 నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించిన ఆరోగ్యశ్రీ, తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు పెద్ద ఆసుపత్రి తలుపు తీసింది. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. సౌకర్యం దగ్గరైన ఈ కాలంలోనే ప్లీహం తీయవలసిన అవసరం తగ్గుతూ రావడం గమనించదగ్గది. ఐటీపీకి ఇప్పుడు ప్లేట్‌లెట్లను పెంచే మాత్రలు ఉన్నాయి. థలసీమియా బిడ్డలకు క్రమంగా తగినంత రక్తం ఎక్కిస్తే ప్లీహం ఉబ్బడమే తగ్గుతుంది. ప్రమాదాల్లో చీలిన ప్లీహాన్ని కూడా, రక్తపోటు నిలకడగా ఉంటే, కోయకుండా స్కానింగులతో గమనిస్తూ దక్కించుకుంటున్నారు. ఎర్రకణాలు వేగంగా నశించే జబ్బులున్నవారికి కొత్త కణాలు తయారు కావడానికి రోజూ ఇచ్చే చిన్న పసుపు మాత్ర ఫోలిక్ యాసిడ్. దానిని 1945లో కృత్రిమంగా తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ పరిశోధక బృందానికి నాయకత్వం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టింది ఆకివీడుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని భీమవరంలో. బోదకాలు క్రిములను చంపే హెట్రజాన్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాల నుంచే వచ్చింది. ఎర్రకణాలు నశించే జబ్బులకూ, బోదకాలుకూ ఈ సీమ బిడ్డ మందు పంపినట్టయింది.

ప్లీహాన్ని ఉంచుకోవాలన్న ఈ పట్టుదలకు మూలం 1952లో ఉంది. అమెరికాలో కింగ్, షూమాకర్ అనే వైద్యులు ప్లీహం తీసిన ఐదుగురు పసికందులను గమనించి, వారికి ఆ తరువాత మెదడు పొరల వాపు, రక్తంలో విషం వంటి తీవ్రమైన అంటువ్యాధులు వస్తున్నాయని ప్రకటించారు. అంతవరకు ప్లీహం లేకపోయినా నష్టం లేదన్నదే పాఠం. జిగురు తొడుగు బ్యాక్టీరియా ప్లీహం లేని రక్తంలో ప్రవేశిస్తే, ఉదయం మామూలు జ్వరంగా మొదలైనది రాత్రికి రక్తపోటు పడిపోయే దాకా వెళుతుందని ఆ పరిశీలనతోనే వైద్యలోకం మేలుకుంది. ఈ ముప్పు శస్త్రచికిత్స తరువాత మొదటి రెండు మూడేళ్లలో ఎక్కువ, అయినా జీవితాంతం పూర్తిగా పోదు. కోత చిన్నదైనంత మాత్రాన ఈ ముప్పు చిన్నది కాదు, నాలుగు రంధ్రాల్లోంచి తీసినా జానెడు కోతలోంచి తీసినా పోయిన కాపలా ఒక్కటే. మచ్చలు కనబడనంతగా మానడం వల్ల తనకు ప్లీహం లేదన్న సంగతినే రోగి మరిచిపోయే ప్రమాదం ఈ పద్ధతిలో ఎక్కువ.

ఆకివీడులోనైనా, లంక గ్రామాల్లోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా ఇంట్లో ఎవరికైనా ప్లీహం తీయవలసి ఉంటే న్యూమోకాకస్, మెనింగోకాకస్, హిమోఫిలస్ టీకాలు వీలైతే శస్త్రచికిత్సకు కనీసం రెండు వారాల ముందే వేయించాలి, అత్యవసరంగా తీయవలసి వస్తే రెండు వారాల తరువాత వేయించాలి, మళ్లీ ఎప్పుడు వేయించాలో వైద్యుణ్ణి అడిగి రాయించుకోవాలి. కుక్క కరిస్తే రేబిస్ టీకాతో ఆగకూడదు. కుక్క నోటిలోని ఒక బ్యాక్టీరియా ప్లీహం లేనివారికి ప్రాణాంతకం, అందుకని యాంటీబయాటిక్ కూడా వెంటనే మొదలుపెట్టాలి. మన్యం వెళ్లేవారు మలేరియా మాత్ర మరవకూడదు. ఊరి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లినా, పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదట చెప్పవలసిన మాట "నాకు ప్లీహం లేదు" అన్నదే, ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం నకలు ఒకటి ఎప్పుడూ జేబులో ఉండాలి. అలాంటివారికి చలితో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.